మా వీధి కుర్రోడు

మా మామ్మ దాలమ్మ మొదటి మాటకు దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. చేపల గంప దించి కూర్చుంటే కొనేవాళ్లొక మాటంటారు, తనొక మాటంటుంది. మధ్యలో వాళ్ల అత్తగారి జబ్బు, పిల్లల చదువు, ఎదురింటివాళ్ల పిసినారితనం అన్నీ వస్తాయి. ఆఖరికి ఎక్కడో ఒకచోట బేరం తెగుతుంది. బేరమాడకుండా కొన్నవాళ్లంటే ఆవిడకు అనుమానం. "ఈళ్లింట్లో ఏదో అయ్యుంటాది. లేపోతే వంజరాన్ని మారుమాటాడకుండా కొంటారేటి" అనేది. డాక్టరు మూడుపూటలా మాత్ర వేసుకోమంటే "రెండు పూటలు సాలవేటి బాబూ" అని అడిగింది. గుళ్లో దేవుడికి కూడా ఊరికే మొక్కదు. ముందు కొబ్బరికాయ సంగతి తేల్చుకుని, తర్వాత దణ్ణం పెడుతుంది.

మా ఊరు కళింగపట్నానికి ఇవతల, సముద్రం ఒడ్డున. మామ్మ తెల్లారకముందే ఒడ్డుకు పోయి, పడవలు రాగానే వేలంపాటలో చేపలు పట్టుకుని, మొదటి బస్సుకు గంప ఎక్కించి అరసవల్లిలో దిగేది. నలభై ఏళ్లు అదే పని. ఆదివారం మాత్రం అటు వెళ్లేది కాదు. సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనం మధ్య చేపల గంపెందుకని గార వైపు తిరిగేది. మావాళ్లందరి గొంతులూ పెద్దవే. ఒడ్డున గాలికి ఎదురు మాట్లాడటం అలవాటు. ఆవిడది ఇంకా పెద్దది. వీధి మొదట్లో కేకేస్తే చివరింట్లో తలుపేసుకుని పడుకున్నవాళ్లు గిన్నె పట్టుకుని బయటకొచ్చేవారు.

నన్ను పెంచింది ఆవిడే. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాన్న ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోటు మీద పనిచేస్తాడు, అక్కడ వేట ఆపేసే జూన్‌లో ఇంటికొస్తాడు. మా ఊళ్లో సగం మంది మగాళ్ల బతుకు అదే. నా పేరు గంగులు. అది మా తాత పేరు. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి మామ్మ నన్ను పుట్టిన్నాటి నుంచి పేరు పెట్టి పిలవలేదు. "ముసిలోడా" అనేది. కోపమొస్తే "ఒరే మొగుడా, కాలేజీకెల్తావా, సీపురుకట్ట తియ్యమంటావా" అనేది. నా స్నేహితులు పడి పడి నవ్వేవాళ్లు.

కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేశాను. ఎందుకని అందరూ అడిగారు. కూర్చోలేక. అంతకంటే కారణం లేదు. కొరియర్ ఆఫీసులో మూడు నెలలు, సెల్‌ఫోన్ల షాపులో రెండు నెలలు చేశాను. అవీ అంతే.

2015 వానల చివర్లో మామ్మ ఒడ్డున తడి తాడు కాలికి తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేశారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది గానీ గంప ఎత్తలేదు, నీళ్లు తోడుకోలేదు. నాన్న వేరావల్ నుంచి వచ్చి, పదిరోజులుండి తిరిగి వెళ్లిపోయాడు. వెళ్తూ, "జూన్ దాకా నువ్వు కదలకురా. నానొచ్చాక నీ ఇష్టం, ఎక్కడికెల్తావో ఎల్లు" అన్నాడు. సరేనన్నాను.

నెలన్నర నిలబడ్డాను. నీళ్లు మోశాను, గంజి కాచాను, ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్లి తీసుకొచ్చాను. ఆవిడ మంచం మీద నుంచే నా మీద అజమాయిషీ. "ఒరే ముసిలోడా, గిన్నెలు అలా తోముతారేటి. పులుసులో సింతపండు ఏసేవా, మట్టేసేవా." ఒక్క గది ఇంట్లో పొద్దున్నించీ ఆ గొంతు. అప్పుడే సాలూరు నుంచి వెంకీ ఫోన్ చేశాడు. కాలేజీలో నాతోపాటే మానేసినవాడు. లారీ మీద ఉన్నాడు. రాయపూర్ లైనుకి క్లీనర్ కావాలి, వస్తావా అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మామ్మ సంగతి చెబితే ముసలాళ్ల ఆశ్రమం సంగతి కూడా వాడే చెప్పాడు. నెల్లిమర్ల దాటాక తోటలో ఉంది, ఊరికే ఉంచుకుని చూస్తారు.

"ఒకటే రూలు బావా. ఎవరూ లేనోల్లనే తీసుకుంతారు. కొడుకులు తెచ్చి దింపేసి పారిపోతన్నారని అది నడిపే పెద్దమ్మ గట్టిగా ఉన్నాది."

ఊళ్లోవాళ్లకీ, ఫోన్లో నాన్నకీ ఒకే మాట చెప్పాను. మామ్మను పూరీలో మా మేనత్త బుల్లమ్మ ఇంట్లో దింపుతున్నానని. మేనత్తను పూరీలో చేపలు పట్టే మనవాళ్లకే ఇచ్చారు. నాన్నకీ ఆవిడకీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. కాబట్టి నాన్న ఫోన్ చేసి కనుక్కుంటాడన్న భయం లేదు. ఇదంతా నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. తొందరపాటులో చేసిన పని అని చెప్పుకుందామన్నా కుదరదు.

మామ్మకు మాత్రం ఆశ్రమమనే చెప్పాను. "రెండు నెలలే. కాలు బాగయ్యేదాకా" అన్నాను.

"రెండు నెలలెందుకురా. నెల సాలదేటి."

"రెండు."

"నెలా పది రోజులు."

నెలా పదిహేను రోజులకు తెగింది. ఆవిడ తృప్తిగా కొంగు దులుపుకుంది. నేను ఏడు నెలలు ఉంచాను.

శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కాక రూలు చెప్పాను. "నీకెవరూ లేరని సెప్పాల."

"నా కొడుకు సముద్రం మీదున్నాడురా. అలాటి మాటనకూడదు."

"నోటితోనే గదా."

"మరి నువ్వో?"

"నాను మన వీధి కుర్రోణ్ణి. పాపమని తీసుకొచ్చేను."

మామ్మ బస్సంతా వినబడేలా నవ్వింది. "దయగలోడివే. ఎదవ" అంది.

నేను ఇంకా చెప్పాను. "అక్కడ అరవకు. పంతుళ్లు, టీచర్లు ఉంటారు. చేపలు గట్రా నీసు తినరు. నెమ్మదిగా మాటాడు. పెట్టింది తిను, దేనికీ వంక పెట్టకు. బయటికి పొమ్మంటే మరి నాకు తెల్దు."

ఆ చివరి మాట అనాల్సింది కాదు. మామ్మ నవ్వడం ఆపి విజయనగరం దాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

ఆశ్రమం నడిపేది శ్యామలాంబ గారు. పిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన టీచరు. మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, రిజిస్టరు తెరిచింది.

"మీ ఆయన పేరేమిటమ్మా?"

మామ్మ తల దించుకుంది. "కుర్రోణ్ణి అడగండమ్మా."

"గంగులండి. చాలాకాలం కిందటే పోయారు" అన్నాను.

"నీ పేరు?"

ఇన్ని అబద్ధాలు సర్దుకున్నవాణ్ణి, ఇదొక్కటి మరిచిపోయాను. "గంగులు" అనేశాను. శ్యామలాంబ గారి కలం ఆగింది. కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది, మామ్మను చూసింది.

అప్పుడు మామ్మ అంది. "మావూళ్లో ఇంటికొక గంగులుంటాడమ్మా. గంగమ్మ పేరు గదా. మాయన గంగులు పోయి పాతికేళ్లయ్యింది. ఈ గంగులు మా వీధి కుర్రోడు."

గొంతు తడబడలేదు. "పిల్లలూ, మనవలూ ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, "ఎవరూ లేరమ్మా" అంది. కలం మళ్లీ కదిలింది. ముసలిది గట్టిదే, నన్ను ఒడ్డున పడేసింది అనుకున్నాను. ఆ మాటన్నాక ఆవిడ కొంగు చాటున రెండు చెంపలూ వేసుకోవడం చూశాను. ఇరవై ఏళ్ల కాపురంలో, ఆ పైన పాతికేళ్ల ముండమోపితనంలో అనని పేరు, నా కోసం మూడుసార్లు అంది. చూసి కూడా లేచి వచ్చేశాను. గేటు దగ్గర ఆటో ఉంది, ఎక్కేశాను.

నెలా పదిహేను రోజులన్నవాణ్ణి, లారీ తిరుగుళ్లలో పడి మూడో నెలలో వెళ్లాను. వరండాలో బల్ల మీద నలుగురు ముసలాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒకావిడ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. నేనూ దండం పెట్టాను. పెట్టాక తెలిసింది అది మామ్మ అని. తలకు నూనె రాసి బిగించి ముడేశారు. ముక్కుకు రెండు వైపులా ఉండే పుడకలు లేవు.

"బాగున్నారా బాబూ" అంది.

అంత చిన్న గొంతు ఆవిడకుందని నాకు తెలియదు. పక్కన జనం ఉన్నారని నటిస్తోందనుకుని, మామిడిచెట్ల వైపు తీసుకెళ్లాను. ఎవరూ లేని చోట "ఏటే ముసిలమ్మా, బానే నేర్చావు" అన్నాను. ఆవిడ వంటింటి వైపు చూసింది, గేటు వైపు చూసింది. "ఇక్కడ బాగా సూసుకుంతన్నారు బాబూ" అంది.

"పుడకలేవి?"

"తీసి దాసీసేను. అందరికీ లేవు గదా."

"తిండెలాగుంది?"

"బాగుంది."

"నీసు లేకుండా ఎలా తింటన్నావే?"

"అలవాటైపోనాది. బాగుంది."

"కాలు?"

"బాగుంది బాబూ."

ఎప్పుడు తీసుకెళ్తావని అడుగుతుందని ఒక అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆవిడ అడగలేదు. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయకపోతే మిగతాది రాయడం దండగ. ఆ రోజు నాకు హాయిగానే అనిపించింది.

గేటు దగ్గర శ్యామలాంబ గారు నన్ను ఆపింది. "మీ వీధిలో కూడా ఆవిడ ఇంత నెమ్మదిగానే ఉండేవారా బాబూ?"

"ఇంతేనండి."

"నాకెందుకో అనుమానం. ఇక్కడికొచ్చిన కొత్తలో అందరూ మంచివాళ్లైపోతారు. ఎక్కడ పొమ్మంటారోనన్న భయం. రెండు మూడు నెలలు పోయాక మొదలెడతారు, పప్పులో ఉప్పు లేదు, ఫ్యాను నావైపు తిప్పండి, ఆవిడ గురక పెడుతోంది అని. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడుతుంది. అదిగో ఆ అప్పలనరసింహం గారిని చూడు. తాసీల్దారాఫీసులో గుమాస్తా చేశారు. వచ్చిన కొత్తలో మంచినీళ్లు తాగాలన్నా చెయ్యెత్తి అడిగేవారు. ఇప్పుడు కాఫీ ఆలస్యమైతే నాకే మెమో రాసి పంపిస్తున్నారు." ఆవిడ నవ్వింది. "దాలమ్మ గారు ఇంకా చెయ్యెత్తే అడుగుతున్నారు. ఊళ్లో ఎలా ఉండేవారో చెప్పు బాబూ. దేనికి నవ్వేవారు, దేనికి కసిరేవారు? తెలిస్తే నాకొక దారి దొరుకుతుంది."

చెప్పడానికి నా దగ్గర ఇరవై ఏళ్ల సరుకుంది. "నాకంత తెలీదండి. వీధిలో చూడటమే" అన్నాను.

మళ్లీ వెళ్లింది ఫిబ్రవరిలో. మామ్మ స్నానానికి వెళ్లిందంటే గది బయట కూర్చున్నాను. అదే గదిలో ఉండే లక్ష్మణమ్మ గారు నా పక్కకొచ్చి కూర్చుంది. బొబ్బిలివైపు మనిషి. ఏదో చెప్పుకోవాలని చాలా రోజుల నుంచి కాచుకున్నట్టుంది.

"మీవూరావిడ మొదట్లో తెల్లారుజామున రెండింటికే లేచి కూర్చునేది బాబూ. కర్ర టకటకలాడించేది. నా నిద్ర పాడవుతోంది తల్లీ అన్నాను ఒకరోజు. అంతే. మర్నాటి నుంచి లేవదు. మెలకువ అప్పుడే వస్తుంది, నేను చూశాను కదా, కళ్లు తెరుచుకునే ఉంటుంది. కాలు కూడా కదపదు. ఐదింటికి గంట కొట్టేదాకా శవంలా పడుకుంటుంది. నేనేదో ఊరికే అన్నాను. నన్ను తిరిగి ఒక మాటంటే పోయేది కదా."

"అలాగాండి."

"చేతులొకటి. ఈవిడ వచ్చిన రోజునే ఎవరో నోటిదురుసు మనిషి చేతులు చేపల వాసన అంది. ఆమె ఇప్పుడు లేదు, పోయింది పాపం. ఈవిడ ఇంకా కడుగుతూనే ఉంది. సబ్బు అరిగిపోతుందని మళ్లీ భయం. సాయంత్రం భజనలో పెదాలు కదుపుతుంది, గొంతు రాదు. గొంతులో ఏమైనా జబ్బుందేమో డాక్టరుకు చూపించమని చెప్పాను శ్యామలాంబతో."

మా మామ్మ గొంతుకు జబ్బేమోనని డాక్టరుకు చూపించమన్నారు. అది విని నేను తల కిందకు వేసుకుని నా చెప్పులు చూసుకున్నాను.

మామ్మ వచ్చింది. నేను తెచ్చిన జంతికల పొట్లం ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుంది గానీ విప్పలేదు. "అమ్మగార్ని అడిగొస్తానుండండి బాబూ, దగ్గర పెట్టుకోవచ్చో లేదో" అని కర్ర తీసుకుని ఆఫీసు గది దాకా నడిచింది. శ్యామలాంబ గారు నవ్వి "తినండమ్మా" అంటే తిరిగొచ్చి, గదిలో అందరికీ పంచి, తనకు ఒకటి ఉంచుకుంది. ఎవరిచ్చారని పక్కమంచం ఆవిడ అడిగితే, "మా వీధి కుర్రోడమ్మా. గంగులు బాబు. దయగలోడు" అంది. ఈసారి నవ్వలేదు. చెంపలూ వేసుకోలేదు.

ఆ రోజు తిరిగొచ్చేసి లారీ ఎక్కాను. సాలూరు ఘాటీ ఎక్కుతుంటే వెంకీ "ఏటి బావా, అలా ఉన్నావు" అన్నాడు. కడుపులో బాగోలేదన్నాను. తీసుకొచ్చేస్తాను, వచ్చే నెల, ఆ పై నెల అనుకుంటూ మూడు నెలలు గడిపాను. ఆఖరికి కదిలింది కూడా పశ్చాత్తాపంతో కాదు. మే చివర్లో నాన్న ఫోన్ చేశాడు. "వచ్చే వారం బయల్దేరతన్నాను. అమ్మని పూరీ నుంచి తెచ్చి ఇంట్లో ఉంచు" అన్నాడు. ఆ భయంతో కదిలాను.

ఎవరూ లేని మనిషిని వీధి కుర్రాడికి ఎలా అప్పగిస్తారు? రేషను కార్డు తీసుకుని వెళ్లాను. చేర్పించినప్పుడు పోయిందని చెప్పి ఇంట్లో దాచిన కార్డు అది. దాని మీద మా ముగ్గురి ఫొటో ఉంది. మామ్మ, నాన్న, మధ్యలో స్కూలు చొక్కాలో నేను.

కార్డు బయటకు తీసే ముందు ఉత్త మాటతో చెప్పి చూశాను. "నేను ఆవిడ మనవణ్ణండి. తీసుకెళ్లడానికి వచ్చాను."

శ్యామలాంబ గారు రిజిస్టరు తెరిచి చూసింది. మామ్మను పిలిపించింది. "దాలమ్మ గారూ, ఈ అబ్బాయి మీ మనవడా?"

మామ్మ నా వైపు చూడనైనా లేదు. "కాదమ్మా. మా వీధి కుర్రోడు" అంది.

"మామ్మా, సెప్పేయే. నాన్నొస్తన్నాడు" అన్నాను.

"కుర్రోడికి నామీద జాలమ్మా. అందుకలా సెప్తన్నాడు. నాకెవరూ లేరు."

అప్పుడు కార్డు బల్ల మీద పెట్టాను. శ్యామలాంబ గారు ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసింది. మామ్మకు కార్డు కనబడింది. చేతిలో కర్ర కింద పడింది. ఆపరేషనైన కాలితో వంగలేక వంగి, బల్ల అంచు పట్టుకుని, శ్యామలాంబ గారి కాళ్లందుకోబోయింది.

"తప్పయిపోనాదమ్మా. నానే సెప్పమన్నాను. కుర్రోడి తప్పేటీ లేదు. ఊరికే తిండి దొరుకుతాదని ఆశపడిపోనాను. ఏడు నెలలు దొంగకూడు తిన్నాను. ఆణ్ణేటీ అనకండమ్మా."

అబద్ధం చెప్పింది నేను, నేర్పింది నేను. నోరు తెరవడానికి నాకు ఎంతసేపు పట్టిందో గుర్తులేదు. ఎంతైనా అది ఎక్కువే. "నేనే అలా చెప్పించానండి. ఆవిడ అలా అనకూడదనే అంది" అన్నాను.

శ్యామలాంబ గారు మామ్మను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, కర్ర తీసి చేతికిచ్చి, నీళ్లు తాగించి బయటకు పంపింది. నన్ను తిడుతుందనుకున్నాను. పోలీసులంటుందనుకున్నాను.

"మంచం కోసం అబద్ధం చెప్పినవాళ్లు నీకు ముందూ ఉన్నారు" అంది. "నేను అడిగాను చూడు, ఊళ్లో ఎలా ఉండేవారని. అప్పుడైనా చెప్పాల్సింది. మంచి మనిషి, నెమ్మదైన మనిషి అని కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఆవిణ్ణి చూపించాను. ఏడు నెలలు ఒక భయపడ్డ మనిషిని చూపించి ఇలా ఉండండని చెప్పానన్నమాట." రిజిస్టరులో సంతకం చోటు వేలితో చూపించింది. "బంధుత్వం దగ్గర సరిగ్గా రాయి."

మనవడు అని రాశాను. నా అక్షరాలు నాకే నచ్చలేదు.

బస్సులో పూరీ కథ చెప్పాను. బుల్లమ్మత్త ఇంట్లో ఉన్నావు, ఇల్లు సముద్రం దగ్గరే, కోడలు బాగా చూసుకుంది. మామ్మ ప్రతి ముక్కకూ తలూపింది. ఒక్క ప్రశ్న వేయలేదు. అరసవల్లి దాటాక తనంతట తనే మెల్లగా అంది, "బుల్లమ్మ కోడలు పేరేటి బాబూ? మీ నాన్న అడుగుతాడేమో." మాటల్లేని ఈ ఎనిమిదేళ్లలో వచ్చిన కోడలు, మామ్మ చూడనే లేదు. ఉష అని చెప్పాను. "ఉష" అని పెదాలతో నాలుగైదుసార్లు అనుకుంది.

ఇంటికొస్తే మామూలుగా అయిపోతుందనుకున్నాను. గాలి తగిలితే, ఒడ్డు చూస్తే. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నేను లేచేసరికి, కంచం కడుక్కుని ఒళ్లో పెట్టుకుని గడప పక్కన కూర్చుని ఉంది. ఆశ్రమంలో టిఫిను గంట ఎనిమిదింటికి. "స్నానానికెల్లొచ్చా బాబూ" అని అడిగింది. ఆ ఇల్లు ఆవిడ కట్టించింది.

మధ్యాహ్నం గున్నమ్మ వచ్చింది. మామ్మతో ముప్పై ఏళ్లు ఒకే బస్సులో గంప మోసిన మనిషి. కొంగులో రెండు చందువ చేపలు తెచ్చింది.

"ఏటే దాలీ, పూరీ ఎల్లి లావైపోతావనుకుంటే ఇలా సిక్కిపోనావేటే. ఇదిగో, ఒండుకో."

"ఒద్దమ్మా. వాసనొస్తాది" అంది మామ్మ.

గున్నమ్మ నా వైపు తిరిగింది. "ఇదేట్రా? మీ మామ్మకి జగన్నాథుడు తులసిమాలేసి పంపేడేటి? ఓసే, సేప వాసనొస్తాదని సేపనమ్మినోళ్లు అంటారేటే. అరవవే ఓపాలి. ఊరు సప్పబడిపోనాది నువ్వు లేక."

మామ్మ చేతులు జోడించింది. గున్నమ్మ నవ్వుదామని మొదలెట్టి ఆపేసింది. కాసేపు కూర్చుని, చేపలు మళ్లీ కొంగులో కట్టుకుని లేచింది. వాకిట్లో నాతో, "వయసురా. అందరికీ వస్తాది" అంది. ఊళ్లో అందరూ అదే మాటన్నారు. వయసు. నేను కూడా అవునన్నాను.

నాన్న జూన్ మొదటి వారంలో దిగాడు. వాళ్లమ్మకు చీర, నాకు చేతి గడియారం తెచ్చాడు. మామ్మ లేచి నిలబడి చీర రెండు చేతులతో తీసుకుంది. నాన్నకు నచ్చింది. "అమ్మ ఎంత నెమ్మదైపోనాదిరా" అన్నాడు. అన్నం తింటూ పూరీ సంగతులడిగాడు. మామ్మ అన్నీ చెప్పింది. ఇల్లు సముద్రం దగ్గరే, బుల్లమ్మ బాగా చూసింది, కోడలు ఉష పూటపూటా కాలికి నూనె రాసేది. నూనె సంగతి నేను నేర్పలేదు. తనే కల్పించింది, నా కథ పక్కాగా ఉండాలని. కన్నకొడుకు ముందు కూర్చుని, నేను పెట్టిన అబద్ధం మీద ఇంకో అబద్ధం పేర్చి చెబుతోంది.

నాన్న చెయ్యి కడుక్కుని కాసేపు వాకిట్లో నిలబడ్డాడు. లోపలికొచ్చి, "ఎనిమిదేళ్లు సెల్లెలితో మాటాడకుండా ఉండిపోనాను. తప్పు నాదే. అమ్మని ఇన్ని నెలలు సూసింది. నెంబరియ్యరా. ఇప్పుడే మాటాడతాను" అన్నాడు.

నెంబరు నా ఫోన్లో ఉంది. మాట్లాడినట్టు నటించడానికైనా పెట్టుకోవాలని దాచుకున్న నెంబరు. ఇస్తే రెండు నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది. పోయిందనొచ్చు. ఆ మాట కూడా నాలుక మీదకు వచ్చింది. ధైర్యం తెచ్చుకుని చెప్పాననుకోకండి. ఇంకో అబద్ధం చెబితే దాన్ని కూడా మామ్మే మోయాలి, తలూపి వల్లెవేసి. అది ఊహించుకోలేకపోయాను.

"మామ్మ పూరీ ఎల్లలేదు నాన్నా. నెల్లిమర్ల దగ్గర ఆశ్రమంలో పెట్టేను. ఎవరూ లేరని రాయించి."

నాన్నకు వెంటనే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఎన్నాళ్లు అన్నాడు. ఏడు నెలలన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మామ్మ వైపు చూశాడు. మామ్మ గోడకు ఆనుకుని, చీర ఒళ్లో పెట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"అమ్మా, నాను బతికుండగానే ఎవరూ లేరన్నావేటే" అన్నాడు నాన్న.

నాన్న చొక్కా కూడా వేసుకోకుండా ఒడ్డు వైపు వెళ్లిపోయాడు.

నేను మామ్మ దగ్గర కూర్చున్నాను. తిట్టమని, నోటికొచ్చినట్టు తిట్టమని అడగాలనిపించింది. అడిగితే అది కూడా చెప్పినట్టు చేస్తుందేమోనని భయమేసి అడగలేదు. ఆవిడ చీర మడత విప్పకుండా పక్కన పెట్టి, కంచాలు తీయడానికి కర్ర కోసం వెతికింది. నేను తీస్తానన్నాను. చెయ్యి వెనక్కు తీసుకుంది. తర్వాత, ఎవరూ వినకుండా అడిగినట్టు, నా వైపు వంగి అడిగింది.

"ఇప్పుడు నన్నెక్కడికి పంపుతారు బాబూ?"

ఎక్కడికీ పంపమన్నాను. నేను కూడా ఎక్కడికీ వెళ్లనన్నాను. ఆవిడ తలూపింది. నమ్మి ఊపిందో, మర్యాదకు ఊపిందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.